వంటింటి కాయకము

వంట, ఇల్లు అను రెండు పదములకు అత్వసంధి జరిగి వంటిల్లు అను పదము ఏర్పడినది. బాలవ్యాకరణము ముట్టిన ఏ విద్యార్థియైనను ఈ మాటను విడదీసి చూపగలడు. అయితే ఈ పదమున ఒక విశేషము కలదు. పడుకొను చోటును పడకగది అందురు. ధాన్యము దాచు చోటును కొట్టుగది అందురు. దేవుని ఉంచిన చోటు దేవుని గది. పొయ్యి ఉన్న చోటును మాత్రము తెలుగువారు ఇల్లు అనియే పిలిచిరి. వంటగది అను మాటయు లేకపోలేదు. కాని పల్లెలో పెద్దల నోట ముందు వచ్చునది వంటిల్లే. నాలుగు గోడల నడుమ నున్న ఆ చిన్నచోటు తక్కిన ఇంటి కంతటికిని సాటి అని ఆ మాట పుట్టించినవారు తలచిరి కాబోలు.

దీనికి తోడుగా పొత్తు అను మరియొక చక్కని తెలుగుమాట కలదు. కలిసి భుజించుట పొత్తు. స్నేహము పొత్తు. ఇద్దరు కలిసి చేయు వ్యవసాయము, వ్యాపారము కూడ పొత్తే. కలిసి తినుటకును కలిసి పనిచేయుటకును ఒకే మాట వాడిన భాష ఇది. కలిసి తినువారు కలిసి పనిచేయక తప్పదను తలంపు ఆ మాటలోనే ఇమిడి యున్నది. అయినను అనేక గృహములలో తినునప్పుడు పొత్తు కనబడును గాని వండునప్పుడు కనబడదు. సంధి జరిగిన చోట రెండు పదములు ఒకటగును. ఇండ్లలో మాత్రము వంట ఒక వైపునను, ఇల్లు ఒక వైపునను నిలిచిపోయినవి.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడును ఆయనతోడి శరణులును కాయకమునకు ఇచ్చిన స్థానము ఈ పత్రిక చదువు వారికి తెలియనిది కాదు. పొట్టకొరకు చేయు పని, దేవుని కొరకు చేయు పూజ అను భేదమును వారు అంగీకరింపలేదు. ఏ పనియైనను సత్యముగా చేసినచో అది కాయకమే. అయితే సామాన్యముగా కాయకము అనగానే చదువరికి చెప్పులు కుట్టిన హరళయ్యయు, బట్టలుతికిన మాచయ్యయు, పడవ నడపిన చౌడయ్యయు జ్ఞాపకమునకు వత్తురు. ఇవన్నియు ఇంటి వెలుపలి పనులు. ఇంటి లోపలి పనుల పేరిట ప్రసిద్ధులైన శరణులును కలరు. కొట్టణద సోమవ్వ అను వచనకర్త్రి వడ్లు దంచు కాయకము చేసినది. కొట్టణము అనగా దంచుటయే. కదిరె రెమ్మవ్వ రాట్నము తిప్పినది. సత్యక్క భక్తుల ముంగిళ్లు ఊడ్చినదని చెప్పుదురు. దంచుట, వడుకుట, ఊడ్చుట! ఏ తెలుగింటిలోనైనను ఆడవారు తెల్లవారక ముందే మొదలు పెట్టి, ఎవరికిని చెప్పుకొనక ముగించు పనులు ఇవి. ఆ పనులనే తమ పేళ్ల ముందుంచుకొని ఆ స్త్రీలు వచనములు చెప్పిరి. వడ్లు దంచుట కాయకమైనచో ఆ బియ్యము వండుట కాయకము కాకపోవునా?

ఈ విషయమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము నిదానముగా చదువదగినది. ఆయ్దక్కి అనగా ఏరుకొన్న బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిపడిన బియ్యపు గింజలను మారయ్య ఏరి తెచ్చును. లక్కమ్మ వానిని వండి దాసోహము చేయును. ఒకనాడు అతడు నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ తెచ్చెను. ఆమె చూచి, ఇది నేటి అవసరమునకు మించినది, ఈ ఆశ మనకేల యని, ఎక్కువైన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. అతడు మారుమాట లేక పోయి పోసి వచ్చెను. మరియొకప్పుడు మారయ్య శరణుల గోష్ఠిలో మునిగి పని మరచినప్పుడు కాయకము నిలిచిపోయినదని హెచ్చరించినదియు ఆమెయే.

ఈ కథను సామాన్యముగా అపరిగ్రహమునకు ఉదాహరణముగా చెప్పుదురు. అది సత్యమే. కాని ఇందు మరియొక సంగతి కలదు. బియ్యము ఎక్కువైనదని లక్కమ్మకు ఎట్లు తెలిసెను? ఆమె వండునది కావున తెలిసెను. ఎందరు భుజింతురు, ఎంత కావలెను, ఎంత మిగులును అను లెక్క పొయ్యి ముందు కూర్చున్న వారికే తెలియును. ఆ లెక్కనుండియే ఆమెకు అంత స్పష్టమైన ధర్మనిర్ణయము కలిగినది. మారయ్యయు వంట చేయు స్త్రీ మాట యని తీసివేయలేదు. తెచ్చుట ఒకరిది, వండుట ఒకరిది. దాసోహము మాత్రము ఇద్దరిది.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాక మానదు. మారయ్య తెచ్చెను, లక్కమ్మ వండెను; నేటి గృహస్థుడును తెచ్చుచున్నాడు, ఇల్లాలు వండుచున్నది; ఇందు దోషమేమి యని ఎవరైన అడుగవచ్చును. దోషము పని పంపకములో లేదు. తెచ్చువాడు ఒక్కడే యైన దినములలో ఆ పంపకము కొంత న్యాయముగ నుండెనేమో. నేడు నాట్లు వేయు ఆడకూలి తెచ్చుచున్నది. బడిలో పాఠము చెప్పు ఉపాధ్యాయిని తెచ్చుచున్నది. కార్యాలయమున దస్త్రములు వ్రాయునామెయు తెచ్చుచున్నది. తెచ్చుట ఇద్దరిదైనప్పుడు వండుట ఒక్కరిదిగానే ఎట్లు మిగులును?

శరణులు పంచసూతకములను త్రోసిపుచ్చిరి. జాతి సూతకము, జనన సూతకము, మృత సూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్ట సూతకము అనునవి ఆ ఐదు. లింగధారికి ఈ మైలలు అంటవని వారి సిద్ధాంతము. ఆ సిద్ధాంతమును పాటించు ఇండ్లలో ఏ స్త్రీయు నెలకు మూడు దినములు వంటింటికి దూరముగా కూర్చుండ నవసరము లేదు. ఎనిమిది శతాబ్దములకు ముందు ఇంత ధైర్యముగ మాటలాడినవారు అరుదు. అట్టివారి సంతతి యని చెప్పుకొను ఇండ్లలో ఒక ఆరవ సూతకము మెల్లమెల్లగా చోటు చేసికొన్నది. అది పురుషునకు వంటిల్లు మైల యను సూతకము. దీనిని ఏ గురువును ఉపదేశింపలేదు, ఏ వచనమును విధింపలేదు. అయినను మంచినీళ్ల కడవ నాలుగడుగుల దూరములో నున్నను, కుర్చీలో కూర్చున్న గృహస్థుడు లోపలివారిని పిలిచి నీళ్లు అడుగుట ఈ సూతకము వలననే. మగపిల్లవాడు గరిట పట్టుకొన్నచో నవ్వువారును, తన కొడుకు గిన్నె కడుగుచుండగా చూచి నొచ్చుకొను తల్లులును దీనిని కాపాడుచున్నారు. తప్పు ఒక్క పురుషులదే యని చెప్పుట న్యాయము కాదు.

కర్నూలు, అనంతపురము, మహబూబ్‌నగర్, మెదక్ సీమలందును, వానికి ఆనుకొనియున్న రాయచూరు, బీదరు ప్రాంతములందును జొన్నరొట్టె నిత్యాహారము. వంటింటి పొత్తు అననేమో ఈ రొట్టెను చేయుచుండగా చూచినచో పుస్తకము లేకయే తెలియును.

గోధుమపిండికి జిగట కలదు. జొన్నపిండికి ఆ జిగట లేదు. అందుచేత చన్నీళ్లు పోసి కలిపినచో ముద్ద విరిగిపోవును, కర్రతో ఒత్తినచో అంచులు పగులును. కావున బాగుగా మరిగిన నీళ్లను పిండి నడుమ పోసి, మొదట గరిట కాడతో కలిపి, చేయి పట్టగలిగిన వేడికి రాగానే అరచేతి మడమతో బలముగా మర్దింపవలెను. వేడినీటికి పిండి కొంత ఉడికి, లేని జిగటను తెచ్చుకొనును. ఎంత మర్దించిన అంత మేలు. పిండియు క్రొత్తగా విసిరినదై యుండవలెను. నిలువ పిండికి పట్టు తగ్గును. తరువాత పొడిపిండి చల్లిన పీట మీద ముద్ద నుంచి, ఒక చేత అంచు కాపాడుచు, రెండవ చేత తట్టుచు, త్రిప్పుచు పెద్దది చేయుదురు. తెల్లవారుజామున పల్లె వీధిలో నడచు వానికి ఈ తట్టుడు చప్పుడు ఒక ఇంటి నుండి మరియొక ఇంటికి వినబడుచునే యుండును.

తట్టిన రొట్టెను విరుగకుండ ఎత్తి, పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చునట్లు పెనము మీద వేయవలెను. వెంటనే తడిగుడ్డతో గాని తడిచేతితో గాని పైభాగమంతయు నీరు రాయవలెను. ఆ తడి ఆరునంతలో త్రిప్పవలెను. ఆలస్యమైనచో పగులును, తొందరపడినచో అంటుకొనును. రెండవ వైపు కాలిన పిదప నిప్పుల సెగకు ఆనించి నిలిపినచో పొంగును. ఇంతలో పీట మీద రెండవ రొట్టె సిద్ధము కావలెను. ఒక్కరే చేయునప్పుడు ఒక కన్ను పీట మీదను, ఒక కన్ను పెనము మీదను ఉండక తప్పదు. ఆరుగురున్న ఇంటిలో తలకు రెండు చొప్పున పండ్రెండు రొట్టెలు. ఒక్కొక్కదానికి మూడు నిమిషములైనను అరగంటకు పైగా ఆమె సెగ ముందునుండి కదలరాదు.

జొన్నరొట్టెకు మరియొక గుణము కలదు. అది వేడిగా నున్నంతవరకే మెత్తగా నుండును. చల్లారిన కొలది బిరుసెక్కును. ఎండబెట్టి నిలువచేయు పలుచని రొట్టెల సంగతి వేరు. కావున తినువారందరును వేడి రొట్టె కోరుదురు, అది న్యాయమే. పెనము మీదినుండి పళ్లెములోనికి, పళ్లెములోనుండి నోటిలోనికి. వంకాయ కూరయో, పప్పో, నువ్వుల పొడియో తోడుగా నుండును. అందరు లేచిన పిదప చేసినామె కూర్చుండును. ఆమె పళ్లెములో పడునది చల్లారిన రొట్టె. చాల ఇండ్లలో పెళ్లియైన నాటినుండి వేడి రొట్టె తినుట ఎరుగని ఇల్లాండ్రు కలరనిన అది అతిశయోక్తి కాదు.

ఇదే పని ఇద్దరు చేసినచో ఎట్లుండునో చూడవలెను. ఒకరు తట్టుదురు, ఒకరు కాల్చుదురు. చేయి మారిన కొలది పని వేగమగును, సగము కాలములో ముగియును. కాల్చుట నేర్చుటకు నాలుగైదు దినములు చాలును. తట్టుట నేర్చుటకు నెలలు పట్టును. కావున క్రొత్తగా వంటింటిలో అడుగిడు గృహస్థుడు పెనము కడ నిలుచుట మేలు. చివరి రెండు రొట్టెలు పెనము మీద నుండగనే మొదటిది ఇంకను వెచ్చగా నుండును. ఒక గుడ్డలో చుట్టి మూతపెట్టిన అందరును ఒక్కసారి కూర్చుండవచ్చును. పిండి కలపుటకు ఒకరు, నీళ్లు మరిగించుటకు ఒకరు, పళ్లెములు పరచుటకు ఒకరు ఉన్నచో చెప్పవలసినదే లేదు.

ఒక సామెత కలదు: వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను కొరత లేదు. నిజమే. కాని వడ్డించినామెయే కడబంతిని కూర్చున్నప్పుడు ఆమెకు వడ్డించువారెవరు? అప్పటికి ఇంటిలో ఒకరు వార్తలు వినుచుందురు, ఒకరు చదువుకొనుచుందురు, ఒకరు నిద్రకు జారుదురు. ఆమె కూరగిన్నె తానే వంచి చూచుకొనును. అడుగున ఉన్నదెంతయో అదే ఆమె కూర. ఆమె ఏమి తిన్నదో, అసలు తిన్నదో లేదో ఇంటిలో ఎవరును చెప్పలేరు. జంగమము ఆకలితో వెడలిపోరాదని నియమము పెట్టుకొన్న ఇంటిలో నిత్యము ఒకరు అరకడుపుతో పరుండుటను ఎవరును గమనింపకపోవుట వింత.

ఈ అమరిక ఎంత బలహీనమైనదో ఆమె పడకకు చేరిన దినమున బయటపడును. ఇట్టి ఇల్లు ఊరికొకటైనను కనబడును. గృహస్థుడు ఉద్యోగ విరమణ చేసినవాడు. కుమారులు దూర నగరములలో నుందురు. ఇల్లాలికి జబ్బుచేసి ఆసుపత్రిలో చేర్చిరి. అతడు సాయంకాలము ఇల్లు చేరి వంటింటిలో నిలుచును. అరలలో ఒకే తీరు డబ్బాలు ఇరువది ఉన్నవి. దేనిలో ఉప్పున్నదో తెలియదు. బియ్యమెంత, నీళ్లెంత అను లెక్క తెలియదు. కందిపప్పునకును శనగపప్పునకును భేదము కంటితో తెలియును గాని ఏది చారునకో తెలియదు. నలుబది యేండ్లుగా దినమునకు రెండుసార్లు భుజించిన ఇల్లు అది. చివరకు అతడు రెండు అరటిపండ్లు తిని పరుండును. మరునాడు ఆసుపత్రిలో ఆమె నోరు తెరచి అడుగు మొదటి ప్రశ్న తన మందుల గురించి కాదు, రాత్రి ఏమి తింటిరని. అతడు తిన్నాననును. అది అబద్ధమని ఆమెకు తెలియును. తెలిసి, రెండు దినములు ముందుగనే ఇంటికి పంపుడని వైద్యుని ప్రాధేయపడును.

ఇందు ఇద్దరి కష్టమును ఉన్నది. అతడు దుర్మార్గుడు కాడు. ఎవరును అతనికి నేర్పలేదు, అతడును అడుగలేదు. గృహస్థుడు అను మాటకు గృహమునందు ఉండువాడని అర్థము. తన గృహములో ఉప్పు ఎచ్చట నున్నదో ఎరుగనివాడు ఆ మాటకు ఎంతవరకు తగునో ఆలోచింపవలసినదే.

భారత ప్రభుత్వ జాతీయ గణాంక కార్యాలయము 2019లో కాల వినియోగ సర్వే జరిపినది. ఆరేండ్లును అంతకు పైబడినవారిలో, జీతము లేని ఇంటిపనులు చేసినవారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది. అట్లు చేసినవారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించిరి. 2024లో జరిపిన సర్వేలో ఈ కాలము స్త్రీలకు 289 నిమిషములు, పురుషులకు 88 నిమిషములు. స్త్రీల భారము పది నిమిషములు తగ్గినది సరియే. కాని దానిని పురుషులు ఎత్తుకొన్నందున కాదు, వారి కాలమును తొమ్మిది నిమిషములు తగ్గినది.

పూర్వము పొగ యను సాకు ఉండెడిది. తడికట్టెల పొగలో కన్నులు నలుపుకొనుచు ఊదుగొట్టముతో ఊదు పని ఎవరికి ప్రియమగును? ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపం పథకము, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి పేదల ఇండ్లకును గ్యాసు పొయ్యి చేరినది. పొయ్యి నేలనుండి గట్టు మీదికి లేచినది. రోలు, తిరుగలి పోయి మిక్సీ, గ్రైండరు వచ్చినవి. పొగ పోయినది గాని పురుషుడు రాలేదు.

వచ్చిన కొందరును ఒక మాట వాడుదురు: ఇంటిదానికి సాయము చేయుచున్నానని. ఈ మాటను విమర్శించి చూడవలెను. సాయము అనగా మరియొకరి పనిలో చేయి వేయుట. వంట ఆమె పనియే, తాను దయతో చేయి వేసితినని ఆ మాట చెప్పుచున్నది. దానమునకును దాసోహమునకును శరణులు చూపిన భేదము ఇచ్చట అక్కరకు వచ్చును. దానము చేయువాని యందు నేను ఇచ్చితినను అహంకారము నిలిచియుండును. దాసోహము అనగా నేను దాసుడను అనుట. ఇచ్చువాడు లేడు, పుచ్చుకొనువాడు లేడు. జంగమమునకు వడ్డించునప్పుడు దాసుడనై వడ్డింతునని చెప్పుకొనువాడు, ఇల్లాలికి ఒక గిన్నె తోమి సాయము చేసితినని నలుగురిలో చెప్పుకొనుట పొసగదు. గిన్నెల ప్రస్తావన ఊరక వచ్చినది కాదు. ఆదివారమున ఒక వంటకము చేసి మెప్పు పొందు పురుషులు కొందరు కలరు; వారు లేచిపోయిన పిదప గట్టు మీద ఏడు గిన్నెలు, నాలుగు గరిటెలు, చిందిన నూనె మిగులును. కాయకము మొదలునుండి చివరివరకు చేయునది. తోముట లేని వంట సగము వంట.

క్రొత్త చేతి వంట మొదట బాగుండదు. ఉప్పు ఎక్కువగును, అన్నము మెత్తనగును. ఇంటివారు ముఖము చిట్లించినచో ఆ చేయి మరల గరిట పట్టదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మాదర చెన్నయ్య కథ కలదు. చోళరాజు పెట్టిన పంచభక్ష్యములను ఒకనాడు శివుడు ఆరగింపలేదు. కారణమడుగగా, చెన్నయ్య ఇంట అంబలి త్రాగి వచ్చితినని చెప్పెను. అంబలిని మెచ్చిన దేవుని కొలుచువారు కొంచెము మాడిన ఉప్మాను ఓర్చుకొనలేరా?

పిల్లల సంగతి చెప్పవలసి యున్నది. ఐదారేండ్ల పిల్లలు, ఆడైనను మగైనను, అనపకాయలు ఒలువగలరు, వెల్లుల్లి పొట్టు తీయగలరు, కొత్తిమీర ఏరగలరు. ఆ పని కొరకు అవ్వ ప్రక్కన కూర్చున్నప్పుడు వారు వినునది ఏ పాఠ్యపుస్తకమునను ఉండదు. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము అని ఆమె చెప్పుకొని పోవును. కుంచములో గిద్దలెన్ని యని మనుమని అడిగిన వాడు వ్రేళ్లు మడచి, రెండేసి రెట్లు పెంచుకొనుచు 64 అని చెప్పును. చిటికెడు, పిడికెడు, దోసెడు అను కొలతలు ఎవరి చేతిని బట్టి వారివి. అందుచేత అవ్వ చేతి దోసెడు ఎంతో ఆమె బ్రతికియుండగనే చూచి నేర్చుకొనవలెను. పదిపండ్రెండేండ్లు వచ్చిన పిల్లలను పెద్దలు దగ్గరనుండి పొయ్యి కడకు రానీయవచ్చును. కుక్కరులోని ఆవిరి పూర్తిగా అణగకముందు మూత తీయరాదని, కాగిన నూనెలో నీటిచుక్క పడరాదని వారికి ముందుగా చెప్పవలెను; చెప్పుటయే గాక చేసి చూపవలెను.

బసవపురాణములోనే గొడగూచి కథ కలదు. నిత్యము శివునకు పాలు అర్పించు ఒక భక్తుడు ఊరు విడచి పోవలసి వచ్చి, ఆ పనిని చిన్నదియగు కూతురికి అప్పగించెను. శివుడు నిజముగా పాలు త్రాగునని ఆ బాల నమ్మినది. గుడిలో పాలు పెట్టి త్రాగుమన్నది. త్రాగకున్నచో తండ్రి కోపించునని భయపడి ఏడ్చినది, బతిమాలినది. శివుడు త్రాగెను. పెద్దవానికి అది నిత్యకృత్యము. బాలకు అది తనకు అప్పగించిన పని. పాత్ర ఖాళీ కానిదే ఆ పని పూర్తి కాదు. తండ్రి తిరిగివచ్చి ఆమె మాట నమ్మలేదను భాగము ఈ కథలో దుఃఖకరమైనది. పిల్లలు మనసుపెట్టి చేసిన పనిని పెద్దలు నమ్మకపోవుట, నీవు చేయలేవు పొమ్మని చేతిలోని చాకును లాగికొనుట నేటి వంటిండ్లలోను జరుగుచునే యున్నది.

అందరును వంటింటిలో చేరుటకు తీరిక ఎక్కడిదని కొందరందురు. ఉదయము తీరిక లేనిమాట సత్యమే. ఒకరు బస్సుకు, ఒకరు బడికి పరుగెత్తుదురు. ఆ వేళకు రాత్రియే కూరగాయలు తరిగి, పప్పు నానబెట్టి ఉంచినచో చాలును. రాత్రి వంటకు అరగంట అందరికిని దొరకును. ఆ అరగంటలో ఇంటి సంగతులన్నియు మాటలలోనికి వచ్చును. కూతురు కన్నెత్తి చెప్పలేని మాటను ఉల్లిపాయ తరుగుచు, తలవంచుకొని చెప్పును. కొడుకునకు పరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన సంగతి, కుర్చీలో కూర్చున్న తండ్రికంటె పెనము ముందు నిలిచిన తండ్రికి ముందుగా తెలియును.

వైశాఖ శుద్ధ తదియనాడు, బసవ జయంతికి, ఊరూర దాసోహములు జరుగును. ఆనాటి వంటకు ముందు నిలుచువారు పురుషులు. గాడిపొయ్యిల మీద గంగాళములు ఎక్కింతురు. నడుమునకు తువ్వాలు బిగించి, తెడ్లతో పప్పు కలుపుదురు. బస్తాల కొలది బియ్యము కడుగుదురు. వార్చిన అన్నమును చాపల మీద రాశి పోయుదురు. చెమట కారుచున్నను ఎవరును నవ్వరు, ఎవరును నొచ్చుకొనరు; పెద్దలు మెచ్చుకొందురు. ఆడవారు ఆ దినమున బంతిలో ముందుగా కూర్చుండి భుజింతురు. పురుషులకు వండుట రాదను మాట ఆ గంగాళముల ముందు నిలువదు. మైల యను మాటయు అక్కడ వినబడదు.

మరునాటి ఉదయమున తువ్వాలు దండెము మీద ఆరుచుండును. వంటింటిలో నీళ్లు మరుగుచుండును, పీట మీద పిండి చల్లి యుండును, తట్టుడు చప్పుడు మొదలగును. పెనము కడ నిలుచుటకు రెండవ మనిషి కావలసి యుండును.